చిటికెన వేలు ఎక్కడ పెట్టాలి?

గిటార్ వాయించేటప్పుడు కుడిచేతి చిటికెన వేలిని చెక్క మీద పెట్టుకోవడాన్ని ఇంగ్లీషులో యాంకరింగ్ అంటారు. నిఘంటువులో యాంకర్‌కి "లంగరు" అని ఉంది. అది ఓడలకి. మరి వేలికి ఏ మాట?

నేను మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉంటాను. కాకినాడలో ఉన్న అమ్మమ్మని వీడియో కాల్‌లో అడిగాను. అమ్మమ్మ ఒకప్పుడు వీణ వాయించేది. ఇప్పుడు వేళ్లు వంగడం లేదు. నా చెయ్యి చూసి, "ఆనించు నాన్నా, అదమకు" అంది.

ఆనించడం అంటే మెల్లగా తాకించి ఉంచడం. అదమడం అంటే గట్టిగా నొక్కడం. వేలు ఆనితే తీగ ఎంత దూరంలో ఉందో చూడకుండానే తెలుస్తుంది. అదిమితే మణికట్టు బిగుసుకుపోతుంది, పిక్ వేగంగా కదలదు. లావు తీగల నుంచి సన్న తీగలకి వెళ్లేటప్పుడు వేలు కూడా చేతితో జరగాలి.

వీణలో చూపుడు వేలు, మధ్య వేలు నాలుగు తీగలను మీటుతాయి. పక్కనున్న మూడు తాళం తీగలను చిటికెన వేలు మీటుతుంది. "నీ వేలికి విశ్రాంతి, నా వేలికి ఉద్యోగం" అని అమ్మమ్మ నవ్వింది.

ఆ వీణ ఇప్పుడు ఎవరూ వాయించడం లేదు. ఈ రెండు మాటలు మాత్రం రోజూ నా చేతికి పనికొస్తున్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతులకి ఏ పని తెలుసు? ఆ పని మాటలు అడిగి, కింద రాయండి.