లువా భాషకు నేను చేసిన ప్రచారం

తెలుగు బోధించేవాడికి కంప్యూటరు భాషలతో పనేమిటని మిత్రులు నన్ను పరిహసించడం కద్దు. ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు. ఈ రెంటి నడుమ మూడవ భాషకు తావెక్కడిదని వారి ప్రశ్న. అయినను, తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసం దిద్దుతుండగా, అక్కడి సమాచార పట్టికల వెనుక ‘లువా’ అనే భాష పనిచేస్తున్నదని తెలిసింది. పోర్చుగీసులో ఆ మాటకు చంద్రుడని అర్థం. ‘చందమామ’ చదివి తెలుగు నేర్చినవాణ్ణి. ఆ పేరు విని ఊరకుండలేకపోయాను.

బ్రెజిల్ దేశంలోని రియో డి జనీరో కేథలిక్ విశ్వవిద్యాలయంలో యెరుసలిమ్‌స్కీ, ఫిగెయ్‌రెదో, సెలెస్ అనే ముగ్గురు 1993లో దీనిని రూపొందించారు. అంతకు ముందు వారు వాడిన భాష పేరు ‘సోల్’, అనగా సూర్యుడు. కనుక ఇది చంద్రుడైంది.  1996లో ‘డాక్టర్ డాబ్స్ జర్నల్’ అనే అమెరికన్ పత్రికలో, దాని పనితీరును వివరిస్తూ వారు ఒక వ్యాసం ప్రకటించారు. అది చదివిన లూకాస్ ఆర్ట్స్ ఉద్యోగి ఒకరు వారికి లేఖ వ్రాశారు. 1998లో వెలువడిన ‘గ్రిమ్ ఫాండాంగో’ అనే ఆటలో లువా ప్రవేశించింది. పిమ్మట ఎన్నో ఆటలు దానిని ఆశ్రయించాయి. ఒక్క వ్యాసానికి అంత బలమా!

నాకూ ఆశ పుట్టింది. మా గోడపత్రికలో వరుసగా నాలుగు వ్యాసాలు వ్రాశాను. అవి వ్యాసాలు కావు, స్తోత్రపాఠాలు. చిన్న భాష, తేలిక భాష, అనేక భాషల వలె సున్నతో గాక మన వలె ఒకటితో లెక్క మొదలుపెట్టే భాష అని పొగిడి, ఆ ఊపులో తెలుగుకు ఇంతకన్న అనువైనది లేదని కూడ వ్రాసివేశాను. పరీక్షించి చూడలేదు. “దీనితో ఉద్యోగం వస్తుందా?” అని కంప్యూటరు శాఖ మిత్రుడు అడిగితే, భాషాభిమానం లేనివాడని మనసులో అనుకొన్నాను.

ఆ మాటలు నమ్మి, సెమిస్టరు పరీక్షలు దగ్గర పడుతున్న వేళ ఒక బి.ఎస్సీ. విద్యార్థిని రెండు వారాలు ప్రయోగశాలలో కూర్చున్నది. ఒకనాడు వచ్చి, “సార్, ‘అమ్మ’లో ఎన్ని అక్షరాలు?” అన్నది.

“రెండు.”

“మీ లువా పన్నెండంటోంది, సార్.”

నేను తెల్లబోయాను. యూనికోడులో ‘అమ్మ’ అంటే అకారం, మకారం, పొల్లు, మరల మకారం, వెరసి నాలుగు సంకేతాలు. దాచేటప్పుడు ఒక్కొక్కటి మూడు బైట్లు పడుతుంది. లువా లెక్కించేది బైట్లను. 2015లో వచ్చిన 5.3 కూర్పులో యూనికోడు కోసం చేర్చిన సాధనాలను వాడినా జవాబు నాలుగే. రెండని చెప్పాలంటే యంత్రానికి ద్విత్వం తెలియాలి. అది నేను పదేళ్ళుగా పాఠం చెబుతున్న విషయమే!

నాలుగవ వ్యాసాన్ని గోడ మీదినుంచి నా చేతులతో తీసివేశాను. తరువాత మూడు సాయంకాలాలు, నేను వ్యాకరణం చెబుతూ, ఆమె లువాలో వ్రాస్తూ కూర్చున్నాము. పొల్లు తరువాత హల్లు వస్తే రెంటినీ కలుపు. గుణింతపు గుర్తు వస్తే ముందరి హల్లులో చేర్చు. ఇరవై పంక్తులైంది. దానిని, నా పొరపాటు కథతో సహా, అదే గోడ మీద అంటించాము. స్తోత్రాలను కన్నెత్తి చూడనివారు సైతం నిలబడి చదివారు; ఇంట అమ్మను ‘అమ్మీ’ అని పిలిచేవారు ఆ మాటను సరిచూసుకొన్నారు. అదీ రెండే.

ఆ ఆనందం వారం నిలిచింది. ఎవరో ‘గోలకొండ’ అని కొట్టి చూశారు. నాలుగు రావలసిన చోట అయిదు వచ్చింది. సున్నను ముందరి అక్షరంలో కలపాలని నేను చెప్పనే లేదు. పరీక్షలు ముగిశాక సరిచేద్దామని ఆమెతో అన్నాను; ఈసారి ఆమె చదువుకు అడ్డు రాదలచలేదు.