మామ్మ పోసిన చోడంబలి

లంబసింగి అనగానే పొగమంచు, ఆ తర్వాత బొంగులో చికెన్... నర్సీపట్నం దాటి ఘాట్‌రోడ్డెక్కే కార్లన్నిటిదీ దాదాపు ఇదే వరస. నవంబరు చివర్లో విజయవాడ నుంచి వచ్చిన ఆ నలుగురూ అంతే. తెల్లారకుండానే కొండెక్కారు, మంచు చూశారు, వెదురుబొంగులో మగ్గిన కోడిమాంసం తిన్నారు. బాగుంది. కానీ అది అక్కడి ఇళ్లలో రోజూ వండుకునేదేం కాదు.

మరి రోజూ ఏం తింటారు?

చింతపల్లి దారిలో, పచ్చటి వలిసెపూల పక్కన ఫొటోల కోసం ఆగినప్పుడు తెలిసింది. గట్టు మీద ఓ పెద్దావిడ ఎండిన ఆనపబుర్రలోంచి గ్లాసులోకి వంచుకుని తాగుతోంది.

'ఏంటి మామ్మా అది?' ఇల్లాలు అడిగింది.

'చోడంబలి తల్లీ. మీకు సయించదులే' అంటూనే గ్లాసు కొంగు చాటుకు లాక్కుంది. బతిమాలితే గానీ పోయలేదు.

రాగుల్నే ఇక్కడ చోళ్లంటారు. పిండిని నీళ్లలో కలిపి రాత్రంతా పులియబెట్టి, పొద్దున్నే మరుగుతున్న ఎసట్లో నూకలతో పాటు ఉడికిస్తారు. చల్లారాక కాస్త పులుపు, కాస్త కమ్మదనం. నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ. అంతే! పెద్దాడు మొహం చిట్లించాడు. చిన్నది రెండో గ్లాసు అడిగింది.

భర్త మాత్రం తాగుతూ తాగుతూ ఆగిపోయాడు. వాళ్లది మాకవరపాలెం దగ్గర పల్లె. చిన్నప్పుడు నాయనమ్మ ఇదే కాచేది. చుట్టాలొస్తున్నారంటే చాలు, అంబలి కుండను పెరటి గదిలోకి నెట్టేసేది! వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని ఆవిడకెవరు చెప్పారు? 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకొంది. నగరాల్లో అదే పిండి రంగురంగుల ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఈ గట్టు మీద మాత్రం ఇంకా కొంగు చాటే.

'మా మనవడు తాగడు బాబూ. హాస్టల్లో అన్నం అలవాటైపోయింది. ఇదిస్తే సిగ్గంటాడు' అంది మామ్మ. డబ్బివ్వబోతే కోప్పడింది. అంబలికి డబ్బులేంటట!

తిరుగుదారిలో నర్సీపట్నం బజార్లో కారాపి, అయిదు కిలోల చోళ్లు కొన్నారు.

'ఇంట్లో ఎవరికండీ షుగరు?' కొట్టాయన తూస్తూ అడిగాడు.

'ఎవరికీ లేదు. మా నాయనమ్మ కాచేది' అన్నాడతను.