తెలిసినోళ్లకు తట్టేదేనా?

అలంపూర్ చౌరస్తాలో మా బావకు లేత్ మిషన్ షెడ్డు ఉంది. ఓ రోజు కార్బైడ్ టిప్ ఒకటి నా అరచేతిలో పెట్టాడు. అంచు వెనకాల సన్నటి గాడి. ‘‘ఇది నా సొంత ఆలోచన బావా! పేటెంట్ తీసుకుందాం. పిల్ల పెండ్లికి దాచిన పైసలు తీస్తా’’ అన్నాడు.

మెత్తటి ఇనుము తిప్పుతుంటే పీలిక తెగకుండా పొడుగ్గా వస్తుంది. కాలుతున్న ఆ పీలిక చేతికి చుట్టుకుంటే వేళ్లు కోసుకుపోతాయి. బావ ఎడమచేతి మీది మచ్చ అలా వచ్చిందే. గాడి ఉంటే పీలిక వంకర తిరిగి ముక్కలై రాలిపోతుంది.

కోర్టు కాగితాలతో బతికినవాణ్ని కదా, చట్టం తిరగేశాను. వస్తువు కొత్తదైతే చాలదు. ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు. మీర్జాపూర్ ఇత్తడి పాత్రల కేసులో జరిగిందదే. లేత్‌పై పాత్రను బిగించే పద్ధతికి తీసుకున్న పేటెంటును, అది పనివాడి మామూలు నేర్పేనంటూ 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

అయితే చూశాక ఏదైనా ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. ఆసు పోసి పోసి తల్లుల భుజాలు పడిపోవడం చేనేత ఇళ్లలో అందరూ ఎరిగిందే. అయినా 1999లో చింతకింది మల్లేశం చేసేదాకా ఆసు యంత్రం రాలేదు. 2011లో ఆయనకు పేటెంటూ వచ్చింది.

అందుకే టిప్ జేబులోనే దాచుకుని కర్నూలు వెళ్లాను. ఓ పాత టర్నర్‌ను ‘‘పీలిక తెగాలంటే ఏం చేయాలి?’’ అని మాత్రమే అడిగాను. ఆయన తలెత్తకుండానే ‘‘అంచు వెనక గాడి పట్టు’’ అన్నాడు. డబ్బా తెరిచి గాడితోనే వచ్చిన కంపెనీ టిప్పులూ చూపించాడు. నా టిప్ జేబులోంచి బయటికి రాలేదు.

బావకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ‘‘అయితే నాదేం లేదా?’’ అన్నాడు.

‘‘ఎవరూ చెప్పకుండా తట్టింది, అది నీదే. ఇంకొకరు చేయొద్దని ఇరవై ఏళ్లు ఆపే హక్కు మాత్రం రాదు.’’

పెండ్లి పైసలు మళ్లీ పెట్టెలోకి పోయాయి. మొన్న షెడ్డుకు వెళితే, కొత్తగా చేరిన కుర్రాడికి గాడి పట్టడం నేర్పుతున్నాడు... ముందుగా తన మచ్చ చూపించి!