నాయన పెట్టె, అమ్మ స్పీడు

గ్రామఫోను అనగానే చాలామందికి ఇత్తడి బూర, చేత్తో తిప్పే కీ గుర్తొస్తాయి. సోమలలో మా ఇంట్లో ఉన్నది అది కాదు. సూట్‌కేసులా మూతపడే కరెంటు ప్లేయరు. 1978లో మా నాయన పుంగనూరులో ఒక మైకుసెట్టాయన దగ్గర కొన్నాడు, పాతదే. ట్రంకుపెట్టెడు ప్లేట్లు కూడా దాంతోపాటే వచ్చాయి. ఆ రోజుల్లో పెళ్లికైనా జాతరకైనా చెట్టుకు బూర కట్టి పాటలు వేసింది మైకుసెట్లవాళ్లే. మా పల్లెలకు సినిమాకన్నా ముందు పాట వచ్చేది.

నాయన పోయి పదేళ్లు. పెట్టె అటకెక్కింది. ఎనభై దాటిన అమ్మ ఒకరోజు ఉన్నట్టుండి "పుష్పవిలాపం ఒకసారి వేయరా" అంది. కరుణశ్రీ పద్యాలు, ఘంటసాల గొంతు. ఫోన్లో వినిపించబోతే "అది కాదు, మీ నాయన ప్లేటు" అంది.

దింపి చూస్తే పళ్లెం ఈడ్చుకుంటూ తిరుగుతోంది. పైగా టుక్ టుక్‌మని చప్పుడు. ఈ రకం పెట్టెల్లో మోటారు ఇరుసుకూ పళ్లెం అంచుకూ మధ్య చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. పళ్లేన్ని తిప్పేది అదే. స్పీడు మీట వేసి అలాగే వదిలేస్తే ఇరుసు నొక్కుకున్నచోట సొట్టపడుతుంది. ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి జారుతుంది. సన్నటి గరుకు కాగితంతో రుద్దితే ఒక్కోసారి సర్దుకుంటుంది. మాది సర్దుకోలేదు. మదనపల్లెలో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన కొత్త రబ్బరు తొడిగిచ్చాడు. ఇరుసుకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలన్నాడు. అది రబ్బరుకు అంటిందా, మళ్లీ జారుడే!

సూది కూడా చూసుకోవాలి. 78 స్పీడు ప్లేటు గాడి వెడల్పు, ఎల్‌పీ గాడి సన్నం. మా పెట్టెలో సూదికి రెండు మొనలున్నాయి, మీట తిప్పితే మారతాయి. ఎల్‌పీ మొనతో 78 వేస్తే గాడి అడుగున దొర్లి బరబరమంటుంది. పాత 78లు లక్కతో చేసినవి కనుక స్పిరిటుతో తుడిస్తే పాట కరిగిపోయినట్టే. మెత్తటి పొడిగుడ్డ మేలు. ఇక ఎల్‌పీలను ఎండాకాలం రేకుల కింద పెడితే అప్పడాలే.

సూది ఎగరకుండా నాయన దాని చెయ్యి మీద నాలుగణాల బిళ్ల అంటించి ఉన్నాడు. ఆ బరువుకు గాళ్లు అరిగిపోతాయి. అసలు తప్పు బల్లది, ఎవరు నడిచినా ఊగేది. గోడలోకి దిగిన కడపబండ అరమీదికి పెట్టె మార్చాను. పళ్లెం మీద గోలీ పెట్టి, అది దొర్లకుండా నిలిచేదాకా పెట్టె కింద అట్టముక్కలు దోపాను. బిళ్ల తీసేసినా సూది ఎగరలేదు. బిళ్లను అమ్మ కొంగున ముడేసుకుంది.

తీరా ప్లేటు వేస్తే ఆమె మొహం చిట్లించింది.

"ఏందిరా, ఎవురో తరుముతా ఉన్నట్టు పాడతా ఉండాడు! గొంతు కూడా సన్నబడిందే."

ప్లేటు మధ్యలో కాగితం ముక్క అంటించి లెక్కపెట్టాను. నిమిషానికి 78 చుట్లు. ఎల్‌పీ వేసి మూడు నిమిషాలు చూశాను. నూరు. లెక్కకు లెక్క సరిపోయింది.

అప్పుడు వెలిగింది. 1980ల్లో సాయంత్రమైతే మా ఊళ్లో బల్బులు ఎర్రటి తీగల్లా మినుకుమనేవి. ఓల్టేజీ పడిపోతే ఇలాంటి మోటారు నీరసిస్తుంది. స్పీడు తగ్గి, గొంతు బరువెక్కుతుంది. నాయన చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాకే పెట్టె తెరిచేవాడు. అంటే మా ఇంట్లో పాడిన ఘంటసాల ఎప్పుడూ ఒకింత మెల్లగానే పాడాడన్నమాట.

బెంగళూరు నుంచి మా అబ్బాయి వచ్చాడు, ప్లేట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని. ఏ స్పీడులో అని అడిగాడు. పాడినాయన శ్రుతిని మార్చే హక్కు మనకు లేదన్నాను. ఇప్పటికీ నా మాట అదే.

అమ్మ ఒప్పుకోలేదు. "నేను విన్నట్టు నాకియ్యండ్రా" అంది.

వాడు అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని పాటను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయాడు. ఒకచోట ఆమె చెయ్యెత్తింది. "ఆ... ఇదే."

కంప్యూటర్లో అంకె 73. రెండూ దాచాం. అమ్మ ఫోన్లో మాత్రం 73దే ఉంది.