అడవిలో వెలసిన వీసా దేవుడు

దేవుణ్ణి చూడాలంటే హిమాలయాల అడవులే ఎక్కాలా? మెహిదీపట్నంలో బస్సెక్కినా చాలు! మొయినాబాద్ మండలం చిలుకూరులో దిగొచ్చు. ఒకవైపు 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, మరోవైపు జింకలు తిరిగే మృగవని.

స్థలపురాణం సినిమా కథకేం తీసిపోదు. ఏటా తిరుపతి వెళ్ళే భక్తుడొకాయన జబ్బుపడి ప్రయాణం మానుకున్నాడు. స్వామి కలలో కొచ్చి, 'ఈ పక్క అడవిలోనే ఉన్నాను కదా!' అన్నాడట. పుట్ట తవ్వుతుంటే గునపం తగిలి నెత్తురు చిందిందట. పాలు పోస్తే స్వామి బయటపడ్డాడట!

ఇక్కడ హుండీ లేదు. స్టారైనా, వీరాభిమానైనా ఒకటే క్యూ. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. లెక్క తప్పకుండా చేతిలో అంకెల కార్డు. పాస్‌పోర్టులు పట్టుకున్న కుర్రకారు ధర్మమా అని 'వీసా బాలాజీ' అన్న పేరొచ్చింది.

నేనూ నా కోరికతోనే వెళ్ళాను. పక్కన నడుస్తున్న పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని ఆగింది.

"108లా అమ్మా?" అన్నాను.

"అవి ఎప్పుడో అయినయ్ బిడ్డా. వీసా ఒచ్చింది, కొడుకు పోయిండు. మూడేండ్లాయె, మల్ల రాలే. అందుకే గీ 11."

ఏమనాలో తోచలేదు. నా 11 కూడా ఆ అబ్బాయి పేరనే తిరిగేశాను. బస్సెక్కాక గుర్తొచ్చింది - పేరడగనేలేదు!

ఫరవాలేదు. ఆ వీసా ఇచ్చినాయనకి పేరు తెలిసే ఉంటుంది లెండి!