యాస వినిపించే నవలలు

ఆడియోబుక్ అంటే చదివే తీరిక లేనివాళ్ల సర్దుబాటని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. కొన్ని నవలలు చెవిన పడితేనే పూర్తిగా అందుతాయి. ఇంట్లో ఒక గొంతు, ఆఫీసు కాల్‌లో ఇంకో గొంతు పెట్టుకుని బతికే మనలాంటి వలస మనుషులకైతే మరీను.

చిమమాండా ఎన్‌గోజీ అడీచీ రాసిన ‘అమెరికానా’ (2013) వినండి. నైజీరియా నుంచి చదువుకోవడానికి అమెరికా వచ్చిన ఇఫెమెలు పట్టుబట్టి అమెరికన్ యాస నేర్చుకుంటుంది. ఫోన్లో ఏదో అమ్మజూపినవాడు ‘అచ్చం అమెరికన్‌లా మాట్లాడుతున్నారు’ అని మెచ్చుకుంటే థాంక్స్ చెబుతుంది. ఫోన్ పెట్టేశాక ఆ మెప్పే ఆమెను కుళ్లబొడుస్తుంది. అరువు యాస వదిలేసి తన గొంతుతోనే మాట్లాడాలని నిశ్చయించుకుంటుంది. బ్రిటిష్ నటి అడ్జోవా ఆండో చదువుతుంటే లాగోస్, లండన్, అమెరికా యాసలు దేనికవి విడివిడిగా పలుకుతాయి. 17 గంటలకు పైగా సాగే ఈ నవల విన్నాక, మన పేరును పక్కవాళ్లు పలికే వీలు కోసం కురచ చేసుకోవడం గురించి నేను చాలా ఆలోచించాను.

పెర్సివల్ ఎవరెట్ ‘జేమ్స్’ (2024) ఈ సంగతిని ఇంకా లోతుకు తీసుకెళ్తుంది. మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ కథను ఇక్కడ బానిస జిమ్ చెబుతాడు. బానిసలు తమలో తాము చక్కటి ఇంగ్లీషు మాట్లాడుకుంటారు. తెల్లవాళ్ల అడుగుల చప్పుడు వినబడగానే మాట ముక్కలు చేసి, తెలివి దాచేసుకుంటారు. అలా మాట్లాడటం ఎలాగో జిమ్ పిల్లలకు పాఠంలా నేర్పుతాడు, ప్రాణాలు దక్కాలంటే అది రావాలి కాబట్టి. ఈ ఆడియోబుక్ చదివిన డొమినిక్ హాఫ్‌మన్ ఒక గొంతులోంచి మరో గొంతులోకి దాటినప్పుడల్లా నా ఒళ్లు జలదరించింది. ‘బాంచెన్ దొరా’ అనక తప్పని కాలాన్ని చూసిన తెలంగాణ పల్లెల వాళ్లకు ఆ గొంతు మార్పు వెనకున్న భయాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ నవలకు 2025లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

మేముండే కాలిఫోర్నియా బే ఏరియా కథ కావాలంటే టామీ ఆరెంజ్ ‘దేర్ దేర్’ (2018) ఉంది. ఫ్రీమాంట్ నుంచి 880 హైవే మీద ఓక్లాండ్ వెళ్లేటప్పుడు కనబడే కొలీజియం మనకు ఆటల మైదానమే. ఈ నవలలో పన్నెండు మంది అమెరికా ఆదివాసీ పాత్రలు అక్కడ జరిగే పౌవౌకు, అంటే తమవాళ్ల ఆటపాటల వేడుకకు, బయల్దేరుతారు. నలుగురు చదువరులు ఆ పాత్రలను పంచుకున్నారు. ఆదివాసీలు ఎక్కడో రిజర్వేషన్లలోనే ఉంటారనుకునే మనకు, ఈ నగరంలోనే పుట్టి పెరిగిన వాళ్ల మాట వినబడుతుంది. చివర్లో కాల్పులున్నాయి, పిల్లలు కారులో ఉన్నప్పుడు పెట్టకండి.

ఇంత పెద్దవి ఒకేసారి ఎత్తుకోలేమనేవాళ్లు మొహ్సిన్ హమీద్ ‘ఎగ్జిట్ వెస్ట్’ (2017)తో మొదలుపెట్టండి. రచయితే చదివాడు, 5 గంటల లోపే అయిపోతుంది. యుద్ధం ముంచుకొచ్చిన ఊరి నుంచి సయీద్, నదియా మాయ తలుపుల గుండా గ్రీసుకు, లండన్‌కు, చివరికి మన పక్కనే ఉన్న మరీన్‌కు చేరతారు.

ఇవి కొనక్కర్లేదు. ఊరి గ్రంథాలయం కార్డుంటే చాలు, లిబ్బీ యాప్‌లో ఉచితంగా అరువిస్తారు. గిరాకీ ఉన్నవాటికి వరుసలో ఆగాలి, అందుకే రెండు మూడు ముందే అడిగి పెట్టుకోండి. వేగం మాత్రం పెంచకండి. చదువరి ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ గొంతు తగ్గిస్తున్నారో అందులోనే సగం కథ ఉంటుంది.

మనం ఈ దేశానికి వచ్చి మనవాళ్ల మధ్యే ఉండిపోతున్నాం. పండగలకు మనవాళ్ల ఇళ్లకే వెళ్తాం, కష్టసుఖాలు మనలో మనమే చెప్పుకుంటాం. నల్లవాళ్ల గురించీ ఆదివాసీల గురించీ మన దగ్గరున్నవి ఎక్కువగా ఎవరో అనగా విన్న మాటలే. వాళ్ల మాట వాళ్ల నోటనే వినే అవకాశం ఇంత తేలిగ్గా దొరుకుతున్నప్పుడు వినకపోవడం మనకే నష్టం.