తరిణె పదును

కృష్ణానది పక్కనే పారుతున్నా, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టభూములలో అనేక గ్రామాల సేద్యానికి బోరుబావులే ఆధారం. వందల అడుగుల లోతున మోటారు ఆగిపోతే, దానిని పైకి తీయించి పట్టణానికి మోసుకొనివచ్చిన రైతు కన్నులు లేతు మిషనుపై ఉంటాయి గాని, మనసు ఎండుతున్న మడిలో ఉంటుంది. ఆ పూట అతని పంట మిస్త్రీ పట్టే టూలు పదునుపై ఆధారపడి ఉంటుంది.

చిన్న షెడ్లలోని మిషన్లు తరచు పాతవి, తేలికైనవి. బేరింగులు అరిగి, స్లైడులు వదులై ఉంటాయి. అటువంటి మిషనుకు నెగెటివ్ రేక్ గల కార్బైడ్ టూలును బిగిస్తే ఏమవుతుంది? ఆ టూలు అధిక బలాన్నీ, వేగాన్నీ, చలించని మిషనునూ కోరుతుంది. అవి లేనిచోట మిషను అదురుతుంది, కీచుమని అరుస్తుంది, షాఫ్టుపై అలల వంటి గీతలు పడతాయి. ఆ గరుకుదనం సీలునూ, బుష్షునూ త్వరగా అరగదీస్తుంది. మోటారు మళ్లీ బయటికి రావలసిందే! ఖరీదైన టూలే ఇంత పని చేసిందంటే కొత్తవారు నమ్మరు.

అనుభవజ్ఞుడైన మిస్త్రీ హైస్పీడ్ స్టీలు ముక్కతో సానరాతి వద్దకు వెళతాడు. పొట్టు సులువుగా జారిపోయేటట్లు టూలు పైముఖానికి వాలు పెంచుతాడు. కోతకు కావలసిన బలం తగ్గుతుంది. వాలు మరీ ఎక్కువైతే అంచు పలుచనై విరుగుతుంది. ఎక్కడ ఆగాలో చేతికి తెలియాలి. టూలు కొన గుండ్రదనాన్ని చిన్నదిగా ఉంచి, కోత అంచును షాఫ్టు పొడవుకు దాదాపు లంబంగా నిలుపుతాడు. అప్పుడు ఒత్తిడి సన్నని షాఫ్టును పక్కకు వంచక, చాలావరకు పొడవు వెంబడి సాగుతుంది. టూలును పొట్టిగా బిగిస్తాడు. బయటికి వచ్చే పొడవు రెట్టింపైతే, అదే బలానికి అది ఎనిమిది రెట్లు వంగుతుంది మరి.

ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో ప్రతిపాదించాడు. ఆయన ఇనుము సంగతి ఎత్తలేదు గాని, ఈ షెడ్డులో ఆ మాటకు అర్థం ఇంకొంత స్పష్టమవుతుంది. లోహాన్ని కోసే విద్యపై 26 ఏళ్లు ప్రయోగాలు చేసి, అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1906లో ఫలితాలను ప్రకటించాడు. ఆ పుస్తకం చూడని మిస్త్రీ మిషను శబ్దాన్ని చెవితో పరీక్షిస్తాడు. అరుపు తగ్గకపోతే టూలు విప్పి, మళ్లీ సానకు నడుస్తాడు.

పొద్దు వాలుతుండగా షాఫ్టు చల్లారుతుంది. మిస్త్రీ దానిపై గోరు జార్చి చూసి, రైతు చేతిలో పెడతాడు. రైతు కూడా గోటితో ఒకసారి తడిమి చూస్తాడు.